రాకెట్ పని చేసినోళ్లకు ఊళ్లో సన్మానం ఎట్లా చేయాలి

ఆగస్టు 23 దగ్గర పడుతుంటే పాలమూరు, నల్గొండ బడుల్లో అట్టముక్కల రాకెట్లు తయారవుతుంటాయి. 2023లో ఆ రోజు సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు చంద్రయాన్-3 విక్రమ్ ల్యాండర్ చంద్రుని మీద దిగింది కాబట్టి దాన్ని జాతీయ అంతరిక్ష దినోత్సవంగా జరుపుకుంటున్నాం. విక్రమ్ సారాభాయ్, సతీష్ ధావన్, అబ్దుల్ కలాం ఫొటోలకు పిల్లలు పూలదండలు వేస్తారు. వేయాల్సిందే. అయితే బడి గోడకు అవతలి వీధిలోనే, ఆ రాకెట్ల కోసం లేత్ మిషన్ మీద ఉక్కు కోసిన మనిషి పింఛను పాసుబుక్కు చూసుకుంటూ కూర్చొని ఉండొచ్చు. ఆయనను సభకు పిలవడం ఎవరికీ తోచదు.

నేను కల్వకుర్తి దగ్గర ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్తాను. కొన్నేళ్లుగా ఇట్లాంటి మనుషులను వెతికి, బడికి పిలిచి, సన్మానం చేస్తున్నాం. వేరే బడుల టీచర్లు, యువజన సంఘాలవాళ్లు ఎట్లా చేస్తున్నారని అడుగుతుంటారు. వాళ్ల కోసమే ఇది. ముందే ఒక మాట. శాలువా కప్పడానికి అయిదు నిమిషాలు చాలు, ఆ మనిషి ఏం పని చేశాడో తెలుసుకోవడానికి నెల పడుతుంది. సన్మానంలో అసలు పని ఆ నెలదే.

ఎవరెవరు ఈ లెక్కలోకి వస్తారు

ఇస్రో ఉద్యోగులే రావాలనుకుంటే మన ఊళ్లలో ఒకరిద్దరు కూడా దొరకరు. రాకెట్, ఉపగ్రహం ఎన్ని చేతులు మారి తయారవుతాయో చూస్తే మన జిల్లాల మనుషులు చాలామంది బయటపడతారు.

హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో ప్రత్యేక లోహాలు చేసే ప్రభుత్వ సంస్థ మిధాని 1973లో పుట్టింది. రాకెట్ మోటారు కవచాలకు కావాల్సిన మరేజింగ్ అనే చాలా గట్టి ఉక్కు, టైటానియం మిశ్రమాలు అక్కడ కరిగిస్తారు. బెంగళూరు దగ్గర బ్యాలాలులో ఉన్న 32 మీటర్ల యాంటెన్నా చంద్రయాన్-1 కోసం హైదరాబాద్‌లోని ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ కట్టింది. ఇస్రో రాకెట్లను నడిపే వికాస్ ఇంజన్ల భాగాలు హైదరాబాద్ కర్మాగారాల్లో తయారయ్యాయి. ఈ ఫ్యాక్టరీల్లోకి, వాటికి చిన్నచిన్న భాగాలు కోసిచ్చే బాలానగర్, కుషాయిగూడ షెడ్లలోకి భువనగిరి నుంచి, చౌటుప్పల్ నుంచి, షాద్‌నగర్ నుంచి, ఇబ్రహీంపట్నం నుంచి పొద్దున మొదటి బస్సుకే వెళ్లిన టర్నర్లు, ఫిట్టర్లు, వెల్డర్లు ఎంతోమంది.

షాద్‌నగర్ అయితే మన పాత మహబూబ్‌నగర్ జిల్లాదే. జాతీయ దూరసంవేదన కేంద్రం యాంటెన్నాలు అక్కడే ఉన్నాయి. భూమిని ఫొటో తీసే కార్టోశాట్, రిసోర్స్‌శాట్ లాంటి ఉపగ్రహాలు పంపే చిత్రాలు అక్కడ దిగుతాయి. ఆ ఆవరణలో రాత్రిపూట జనరేటర్ చూసుకున్న ఆపరేటరు, కేబులు కందకాలు తవ్విన కూలీ, క్యాంటీన్‌లో తెల్లవారుజామున చాయ్ పెట్టినామె, గేటు దగ్గర కాపలా ఉన్నాయన, వీళ్లంతా మన లెక్కలో ఉండాలి.

ఇక పాలమూరు గుంపులు, అంటే వలస కూలీల జట్లు. మన జిల్లా మనుషులు గుంపు మేస్త్రీ వెంట దేశమంతా తిరిగి ఆనకట్టలు, కాలువలు, రోడ్లు కట్టారు. నాగార్జున సాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారని మా పిల్లలకు కంఠతా వచ్చు. ఆ రాళ్లు మోసినవాళ్లలో ఒక్కరి పేరు చెప్పమంటే తెల్లముఖం వేస్తారు. అంతరిక్ష కేంద్రాల దగ్గరా అంతే. ప్రయోగ వేదిక అంటే ముందు పునాది, కాంక్రీటు, రాడ్ బెండింగ్, సెంట్రింగ్. మా దగ్గర ఒక తండాలోని పెద్దాయన శ్రీహరికోటలో రోడ్డు పనికి, కాంక్రీటు పనికి పోయి వచ్చాడు. “అక్కడ ఏం కడ్తున్నరో మాకు ఎవ్వరు చెప్పలే టీచరమ్మా. సముద్రం గాలికి సిమెంటు తొందరగ ఆరుతదని, నీళ్లు పట్టుకుంట ఉండుమనేది మేస్త్రి” అన్నాడు. ఆయన పేరు మా బడి బోర్డు మీద టర్నర్ల పేర్ల పక్కనే ఉంది.

ఇంకో రకం మనుషులను కూడా వెతకండి, ఆలస్యం చేయకుండా వెతకండి. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆరు రాష్ట్రాల్లోని 2400 ఊళ్లకు ఇస్రో టీవీ కార్యక్రమాలు పంపింది. అప్పటి ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి. ఊరి మధ్యన కోళ్ల జాలీ లాంటి జాలీతో చేసిన పెద్ద గొడుగు యాంటెన్నా, కింద ఒక టీవీ పెట్టె. దాన్ని రోజూ తెరిచి, నడిపి, మూసి, తాళం వేసింది చాలా చోట్ల బడిపంతులే. మీ ఊరికి అది వచ్చిందా అని ఎనభై ఏళ్లవాళ్లను అడగండి. వచ్చి ఉంటే, దాన్ని చూసుకున్నవారు అంతరిక్ష కార్యక్రమంలో పని చేసినవారే.

ఎక్కడ దొరుకుతారు

నవంబరులో బ్యాంకుకు పోండి. పింఛనుదారులు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వచ్చి వరుసలో కూర్చొని ఉంటారు, మాట్లాడుకునేందుకు తీరిక ఉంటుంది. “పెద్దనాయనా, ఎక్కడ పనిజేసిండ్రు?” అని అడిగితే చాలు. ఐటీఐలో పాత ఇన్‌స్ట్రక్టర్లకు తమ బ్యాచుల్లో ఎవరు ఏ ఫ్యాక్టరీకి పోయారో ఇప్పటికీ గుర్తుంటుంది. గుంపు మేస్త్రీల ఇళ్లలో పాత అడ్వాన్సుల లెక్కల పుస్తకాలు ఉంటాయి. ఏ ఏడు ఎవరు ఏ పనికి పోయారో అందులో రాసి ఉంటుంది. యాదగిరిగుట్ట వైపు వాళ్లయితే పెద్దకందుకూరు చుట్టుపక్కల అడగండి. అక్కడి పేలుడు పదార్థాల కర్మాగారంలో రెండు తరాల వాళ్లు పని చేశారు.

ఆడవాళ్లను విడిగా అడగాలి. ఇంటికి పోయి “ఎవరైనా రాకెట్ల ఫ్యాక్టరీల పనిజేసిండ్రా?” అంటే మగవాళ్ల పేర్లే చెప్తారు. “అమ్మా, మీరు ఎక్కడన్న సోల్డరింగు, వైరింగు, ప్యాకింగు చేసిండ్రా?” అని ఆమెనే అడిగితే అప్పుడు బయటికి వస్తుంది. సన్నని వైర్లు కట్టలు కట్టడం, బోర్డుల మీద సోల్డరింగు పెట్టడం చాలా కర్మాగారాల్లో ఆడవాళ్ల చేతుల మీదుగానే నడిచాయి. అమెరికాలోనూ ఇంతే. అపోలో వ్యోమగాముల దుస్తులు కుట్టిందీ, ఆ నౌకల కంప్యూటరు మెమరీకి తీగలు అల్లిందీ ఫ్యాక్టరీ ఆడవాళ్లు.

మొదటి ముచ్చట

మొదటిసారి పోయినప్పుడు ఫోను జేబులోంచి తీయకండి. సన్మానం మాట కూడా ఎత్తకండి. ఎత్తితే “గది చిన్న పని బిడ్డా, దానికెందుకు సన్మానం” అని ముడుచుకుపోతారు. ఇంట్లో కూర్చొని, ఇచ్చిన చాయ్ తాగి, పని గురించి అడగండి. అది కూడా చేతికి తగిలే ప్రశ్నలు అడగాలి. డ్యూటీ ఎన్ని గంటలకు మొదలయ్యేది? నిలబడి చేసేవారా, కూర్చొనా? ఏ పనిముట్టు వాడేవారు? జాబ్, అంటే కోసిన భాగం, రిజెక్టు అయితే ఏం జరిగేది? ఎవరి దగ్గర నేర్చుకున్నారు? రాత్రి షిఫ్టులో సద్ది ఎక్కడ తినేవారు? ఏ వేలుకు దెబ్బ తగిలింది?

“మీరు దేశానికి ఏం సేవ చేశారు” అని అడిగితే ఎవరూ మాట్లాడరు. “ఫినిషింగ్ కట్ వేసేటప్పుడు ఊపిరి బిగపట్టేవాళ్లా?” అని అడిగితే గంట మాట్లాడతారు. మా దగ్గరి టర్నర్ పెద్దాయన ఆ ప్రశ్నకు లేచి నిలబడి, లేని మిషన్ హ్యాండిల్ పట్టుకొని తిప్పి చూపించారు. లోహం వేడెక్కితే కొలత మారుతుందని, చల్లారేదాకా ఆగి మళ్లీ సన్నని కొలతలు తీసే మైక్రోమీటరు పెట్టేవాళ్లమని, టైటానియం మొండి లోహం, టూల్‌ను తినేస్తదని చెప్పారు. ఉష్ణవ్యాకోచం పాఠం నేను ఇంతకాలం చెప్తున్నా, ఆ రోజు ఆయన చెప్పినంత బాగా చెప్పలేదనే అనుకుంటాను.

ఇంట్లో ఇల్లాలు ఉంటే ఆమెతోనూ కూర్చోండి. షిఫ్టు డ్యూటీల ఇల్లు ఎట్లా నడిచిందో ఆమెకే తెలుసు. మూడు పూటలకు మూడు రకాల నిద్ర, పగలు పిల్లలను చప్పుడు చేయనీయకుండా బయటికి పంపడం, తెల్లవారి నాలుగింటికి డబ్బా కట్టడం. సభలో ఆమెను “ఆయన భార్య” అని పిలవకుండా ఆమె పేరుతోనే వేదిక మీదికి పిలవండి.

కొన్ని అడగకూడదు. డ్రాయింగులు, భాగాల కొలతలు, లోపలి ఫొటోలు, ఏ యంత్రం ఎక్కడ ఉందనే వివరాలు వద్దు. బయట చెప్పబోమని చాలామంది రాసిచ్చి ఉంటారు, పదవీ విరమణ తర్వాత కూడా ఆ మాట నిలబెట్టుకుంటారు. ఆ పట్టుదలను గౌరవించడం కూడా సన్మానంలో భాగమే. ఇప్పటికీ పనిలో ఉన్నవాళ్లయితే పై అధికారి అనుమతి తెచ్చుకున్నాకే సభ పెట్టుకోండి. కాంట్రాక్టు మీద చేస్తున్నవాళ్లు తమ పేరు బయటికి వస్తే పని పోతుందేమోనని భయపడతారు. వాళ్లు వద్దంటే పేరు లేకుండా “జనరేటరు నడిపిన అన్న” అనే రాయండి. బలవంతం చేయకండి.

సన్మాన పత్రం

ఇక్కడే ఎక్కువ మంది తొందరపడతారు. డీటీపీ సెంటరుకు పోతే అక్కడ తయారుగా ఉన్న “అలుపెరుగని కృషీవలుడు, అపర మేధావి” వాక్యాలే అచ్చేసి ఇస్తారు. ఎవరికైనా అవే. ఆ కాగితం ఇంటికి తీసుకుపోయిన మనిషికి తన పని అందులో ఎక్కడా కనిపించదు. ఇట్లా రాసి చూడండి:

“శ్రీ ……… గారు బాలానగర్‌లోని వర్క్‌షాపులో 27 ఏళ్లు టర్నర్‌గా పని చేశారు. రాకెట్ ఇంజన్లలో అమర్చే భాగాలను లేత్ మీద కోశారు. వెంట్రుక మందంలో పదో వంతు తేడా వచ్చినా జాబ్ పక్కన పెట్టేవారు. తన తర్వాత వచ్చిన కుర్రవాళ్లకు పని నేర్పారు. మా బడి పిల్లలు, టీచర్లు ఆయన చేతులకు నమస్కరిస్తున్నాము.”

అయిదు వాక్యాలు. పని పేరు, చోటు, కాలం, ఆ పనిలోని నిక్కచ్చితనం, ఎవరికి నేర్పారు. రాసినాక ఇంటికి తీసుకుపోయి ఆయనకే చదివి వినిపించండి. ఆయన ఒకటి రెండు మాటలు మారుస్తారు, ఆ మార్పు ఎప్పుడూ సరైనదే అయి ఉంటుంది. “చంద్రయాన్‌ను తయారుచేసిన” అని పెంచి రాస్తే ఆయనే సిగ్గుపడతారు, తోటి పనివాళ్ల ముందు తల వంచుకోవాల్సి వస్తుంది. కోసింది ఒక్క నట్టే అయితే నట్టు అనే రాయండి. ఇస్రో పెద్ద రాకెట్ ఎల్‌వీఎం3కు రెండు పక్కలా ఉండే ఒక్కో ఘన ఇంధన బూస్టర్‌లో దాదాపు 200 టన్నుల ఇంధనం ఉంటుంది. అంత మంటను ఒక చిన్న భాగం తట్టుకొని నిలబడాలని పిల్లలకు విడమరచి చెప్తే నట్టు విలువ వాళ్లకే అర్థమవుతుంది.

గుర్తింపు కార్డు, సర్వీసు సర్టిఫికెట్ చూపించమని మాత్రం అడగకండి. కూలీకి పోయినవాళ్ల దగ్గర ఏ కాగితమూ ఉండదు. వెంట పోయిన మరో ఇద్దరిని అడిగితే సరిపోతుంది.

సభ రోజు

సరిగ్గా ఆగస్టు 23నే చేయాలని పట్టు పట్టకండి. ఆ రోజుల్లో చేన్లలో కలుపు పని ఉంటుంది, రోజు కూలీ మీద బతికే మనిషి సభకు వస్తే ఆ పూట సంపాదన పోతుంది. ఆదివారమో, సాయంత్రమో పెట్టండి. అయినా పని పోగొట్టుకొని వచ్చినవాళ్లకు ఆ రోజు కూలీ, బస్సు చార్జీలు ఒక కవరులో పెట్టి, సభ మొదలుకాకముందే పక్కకు పిలిచి ఇవ్వండి. స్టేజీ మీద ఇవ్వొద్దు. శాలువా ఖర్చు తగ్గించుకొని అయినా ఈ కవరు ఇవ్వాలి.

వేదిక మీద కుర్చీలు సన్మానితులకే. సర్పంచు, ఎంపీడీవో, దాతలు మొదటి వరుసలో పిల్లల పక్కన కూర్చుంటారు. ముందే ఇంటికి పోయి మర్యాదగా చెప్తే ఎవరూ బాధపడరు. మా దగ్గర ఒక ప్రజాప్రతినిధి తానే లేచి, వంటావిడకు తన కుర్చీ వేయించారు. ఉపన్యాసాలు రెండు, రెండే. తర్వాత సమయమంతా పనివాళ్లది.

వాళ్లను మైకు ముందు నిలబెట్టి “మాట్లాడండి” అంటే నోరు పెగలదు. బల్ల ముందు కూర్చోబెట్టి, పనిముట్టు చేతికివ్వండి. టర్నర్లయితే తమ మైక్రోమీటరు తెచ్చుకుంటారు. పిల్లలు వరుసగా వచ్చి తమ తల వెంట్రుక ఇస్తే ఆయన కొలిచి చెప్తారు. సాధారణంగా 50 నుంచి 100 మైక్రాన్ల మధ్య వస్తుంది, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అందులో పదో వంతు అంటే ఎంతో అప్పుడు పిల్లలకు కళ్లకు కడుతుంది. వెల్డరు అయితే బయట, కంటికి అద్దం పెట్టించి, దూరం నుంచి మాత్రమే. ఘన ఇంధనం దగ్గర పని చేసినాయన వచ్చినప్పుడు తన ఒంటి మీది బట్టల గురించే చెప్పమన్నాం. ఒంటి మీద పుట్టే చిన్న స్థిరవిద్యుత్తు రవ్వ చాలు, ఇంధనం అంటుకోవడానికి. అందుకే నూలు బట్టలు, నిప్పురవ్వలు లేపని పనిముట్లు, లోపలికి పోయే ముందు చేత్తో తాకాల్సిన లోహపు పలక. పిల్లలు ఇంటికి పోయి దువ్వెన, కాగితం ముక్కలతో స్థిరవిద్యుత్తు చేసి చూసుకున్నారు.

కానుకగా మేం ఇచ్చేది ఒక ఫొటో. ఇస్రో 2009లో తెచ్చిన భువన్ పోర్టల్‌లో మీ ఊరు వెతికితే పైనుంచి చెరువు, గుడి, చేన్ల గట్లు కనిపిస్తాయి. దాన్ని పెద్దగా ముద్రించి, ఆ మనిషి ఇల్లు ఉన్న చోట చిన్న ఎర్ర చుక్క పెట్టి, చట్రం కట్టించండి. జనరేటర్ అన్నకు అది ఇచ్చినప్పుడు ఆయన చాలాసేపు చూసి, “గీ ఫొటో దిగినప్పుడు కరెంటు పోలేదంటె అది మా పనే” అన్నారు. బడి అంతా చప్పట్లు కొట్టింది.

అమెరికాలో నాసా వ్యోమగాములు 1968 నుంచి సిల్వర్ స్నూపీ అనే పురస్కారం ఇస్తున్నారు. అంతరిక్షంలోకి పోయి వచ్చిన చిన్న వెండి పిన్నును వ్యోమగామే పనివాళ్ల దగ్గరికి పోయి తొడుగుతారు. మనం ఆ పద్ధతిలో ఒకటి తీసుకున్నాం. నడవలేనివారి ఇంటికి పిల్లలే ఊరేగింపుగా పోతారు, పత్రం అక్కడే చదువుతారు.

పోయినవాళ్లకు

2004 ఫిబ్రవరి 23న శ్రీహరికోటలో ఘన ఇంధనం అంటుకొని ఆరుగురు చనిపోయారు. బ్రెజిల్‌లోని అల్కాంతారాలో 2003 ఆగస్టు 22న ప్రయోగ వేదిక మీదే రాకెట్ అంటుకొని 21 మంది పోయారు. కజకిస్తాన్‌లోని బైకనూరు ప్రయోగ కేంద్రంలో అక్టోబరు 24న రాకెట్ ప్రయోగాలు చేయరు. 1960లోనూ, 1963లోనూ అదే తేదీన అక్కడ పనివాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు కాబట్టి. మన సభలో వీళ్ల కోసం రెండు నిమిషాలు లేచి నిలబడండి, ఎందుకు నిలబడుతున్నామో ముందే పిల్లలకు చెప్పండి.

అదే సమయంలో శ్రీహరికోట గిరిజనులైన యానాదులను కూడా తలుచుకోండి. 1969లో పులికాట్ సరస్సు పక్కనున్న ఆ దీవిని ప్రయోగ కేంద్రం కోసం ఎంచుకున్నప్పుడు అక్కడ అడవి మీద, చేపల మీద బతుకుతున్నది వాళ్లే. వాళ్లు తమ చోటు వదులుకున్నాకే 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి రాకెట్ లేచింది. సాగర్, శ్రీశైలం నీళ్లలో ఊళ్లు మునిగిన జిల్లాల వాళ్లం మనం. ఆ బాధ మన పిల్లలకు విడమరచి చెప్పనక్కర్లేదు.

మన ఊరి సన్మానితుల్లో ఎవరైనా చనిపోయి ఉంటే కుటుంబాన్ని పిలిచి, పత్రం మనుమడి చేతనో మనుమరాలి చేతనో చదివించండి. ఫొటో లేకపోతే వాళ్ల పనిముట్టు పెట్టండి.

సభ అయినాక

పేర్లు బడి గోడ మీద రంగుతో రాయించండి. ఫ్లెక్సీ వద్దు, అది వానాకాలం దాటదు. పేరు పక్కన పని పేరు ఉండాలి. మాటల రికార్డింగులు రెండు చోట్ల దాచండి, ఒక కాపీ ఇంటివాళ్లకు ఇవ్వండి.

చాలామందికి అసలు కావాల్సింది వేరే ఉంటుంది, దాన్ని మొదటి ముచ్చటలోనే గమనించి పెట్టుకోండి. కాంట్రాక్టు కింద చేసినవాళ్ల పీఎఫ్ డబ్బులు పేరులో ఒక అక్షరం తేడా వల్ల ఆగిపోయి ఉంటాయి. ఆధార్‌లో పుట్టిన తేదీ కలవదు. పీఎఫ్ ఖాతాకు ఇచ్చే యూఏఎన్ నంబరు తెలియదు. మీ బడిలోనో సంఘంలోనో కంప్యూటరు తెలిసినవాళ్లు ఒకరు కూర్చొని ఆ దరఖాస్తు పూర్తి చేయిస్తే అది శాలువా కన్నా పెద్ద గౌరవం. మేం దీనికి ప్రతి నెలా ఒక శనివారం కేటాయించాం.

వీలుంటే వాళ్లను ప్రయోగం చూడటానికి తీసుకుపోండి. 2019 నుంచి శ్రీహరికోటలో జనం కూర్చొని చూసే గ్యాలరీ ఉంది, ఇస్రో ఆన్‌లైన్‌లో పేర్లు నమోదు చేసుకుంటుంది. నమోదు తెరిచిన కాసేపటికే నిండిపోతుంది కాబట్టి పేర్లు, గుర్తింపు కార్డుల నంబర్లు ముందే రాసి పెట్టుకోండి. నల్గొండ, మిర్యాలగూడ వైపువాళ్లు నారాయణాద్రి రైలు ఎక్కితే గూడూరులో దిగొచ్చు, అక్కడి నుంచి శ్రీహరికోటకు దగ్గరి స్టేషన్ సూళ్లూరుపేట చెన్నై దారిలోనే. ప్రయోగం వాయిదా పడటం మామూలే, కాబట్టి రెండు రోజులకు సరిపడా మందులు, బీపీ మాత్రలు పెద్దవాళ్ల సంచీల్లో పెట్టించండి. పోయేటప్పుడు ఒక్కో పెద్ద మనిషి పక్కన ఒక్కో తొమ్మిదో తరగతి పిల్లను కూర్చోబెట్టండి. దారి పొడుగునా వాళ్లు అడిగే ప్రశ్నలకు మన సాయం అక్కర్లేదు.